పారిస్ పారాలింపిక్స్ 29 పతకాలు: కేంద్ర క్రీడల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి గారికి,

విషయం: 2024 పారిస్ పారాలింపిక్స్‌లో భారత జట్టు ఫలితాలు, 2028 లాస్ ఏంజెలెస్ క్రీడల లోపు చేయవలసిన పనులు.

2024 ఆగస్టు 28 నుంచి సెప్టెంబరు 8 వరకు పారిస్‌లో జరిగిన పారాలింపిక్ క్రీడల్లో భారత్‌కు 29 పతకాలు వచ్చాయి. అందులో స్వర్ణాలు 7, రజతాలు 9, కాంస్యాలు 13. పతకాల పట్టికలో దేశం 18వ స్థానంలో నిలిచింది. 12 క్రీడల్లో 84 మంది బరిలోకి దిగారు. వారిలో 32 మంది మహిళలు. అంత పెద్ద జట్టు వెళ్లడం, అన్ని పతకాలు రావడం భారత పారాలింపిక్ చరిత్రలో అదే మొదటిసారి. దేశం గర్వించదగిన ఫలితమిది. ఈ పతకాలు ఎలా వచ్చాయి, ఎక్కడ వచ్చాయి, ఎక్కడ రాలేదు అని వరుసగా చూస్తే మాత్రం ఒక సంగతి తేటతెల్లమవుతుంది. దివ్యాంగ క్రీడాకారుల ప్రతిభకు దేశంలో కరవు లేదు; ఆ ప్రతిభను చిన్నతనంలోనే కనిపెట్టే ఏర్పాటుకే కరవు. గెలిచినవారిలో చాలామంది ఏదో ఒక రోజున ఎవరో ఒక మంచి మనిషి కంట పడినవారే. అదృష్టం చేస్తున్న ఆ పనిని ఇకమీదట పద్ధతి చేయాలన్నదే ఈ లేఖ సారాంశం.

పారిస్‌లోనే అంతకు కొద్ది రోజుల ముందు ముగిసిన ఒలింపిక్స్‌లో 117 మంది భారత క్రీడాకారులు 6 పతకాలు తెచ్చారు. ఆరును, ఇరవై తొమ్మిదిని పక్కపక్కన పెట్టి ఒకరిని పొగడటం, మరొకరిని తెగడటం అప్పట్లో చాలాచోట్ల వినిపించింది. అది సరైన పోలిక కాదు. ఒలింపిక్స్‌లో 329 పతకాంశాలు ఉండగా పారాలింపిక్స్‌లో 549 ఉన్నాయి. వంద మీటర్ల పరుగు ఒక్కటే వైకల్య స్వభావాన్ని బట్టి పలు తరగతుల్లో వేర్వేరు పోటీలుగా జరుగుతుంది. పారా జట్టు ఫలితాన్ని దాని గతంతోనూ, ఇతర దేశాల పారా జట్లతోనూ పోల్చి చూడటమే న్యాయం.

ఆ గతం సుదీర్ఘమైనది. రెండో ప్రపంచ యుద్ధంలో వెన్నెముక దెబ్బతిన్న సైనికులకు ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో చికిత్స చేసిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1948లో, లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన రోజునే, చక్రాల కుర్చీల్లో ఉన్నవారికి విలువిద్య పోటీ పెట్టారు. 1960లో రోమ్‌లో జరిగిన క్రీడలు తొలి పారాలింపిక్స్‌గా లెక్కకెక్కాయి. భారత్ తొలిసారి పాల్గొన్నది 1968లో. 1972 హైడెల్‌బర్గ్ క్రీడల్లో, 1965 యుద్ధంలో గాయపడిన సైనికుడు మురళీకాంత్ పేట్కర్ 50 మీటర్ల ఫ్రీస్టైల్ ఈతలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచారు. ఒలింపిక్స్, పారాలింపిక్స్ రెండింటినీ కలిపి చూసినా వ్యక్తిగత విభాగంలో దేశానికి అదే తొలి స్వర్ణం. ఒలింపిక్స్‌లో అలాంటి స్వర్ణం కోసం 2008లో అభినవ్ బింద్రా వరకు ఆగాల్సి వచ్చింది.

హైడెల్‌బర్గ్ తరువాతి రెండు పారాలింపిక్స్‌కు భారత్ వెళ్లనే లేదు. 1984లో జోగీందర్ సింగ్ బేడీ మూడు, భీమ్‌రావ్ కేసర్కర్ ఒకటి, మొత్తం నాలుగు పతకాలు గెలిచారు. ఆ తరువాత 20 ఏళ్లు ఒక్క పతకమూ రాలేదు. 2004 ఏథెన్స్‌లో దేవేంద్ర ఝఝారియా జావెలిన్ స్వర్ణం, రాజీందర్ సింగ్ రహేలు పవర్‌లిఫ్టింగ్ కాంస్యం సాధించారు. 2012 లండన్‌లో హైజంపర్ గిరీశ నాగరాజేగౌడ రజతం ఒక్కటే దక్కింది. 2016 రియోలో మరియప్పన్ తంగవేలు, ఝఝారియా స్వర్ణాలు, దీపా మలిక్ రజతం, వరుణ్ భాటి కాంస్యం వచ్చాయి. అలా 1968 నుంచి 2016 వరకు, దాదాపు అర్ధ శతాబ్దంలో, దేశానికి దక్కిన మొత్తం పతకాలు 12.

రియోకు వెళ్లింది 19 మంది. వచ్చినవి 4 పతకాలు. ఆ తరువాతి టోక్యో క్రీడలకు 54 మంది వెళ్లి 5 స్వర్ణాలతో 19 పతకాలు తెచ్చారు. పారిస్‌కు 84 మంది వెళ్లి 29 తెచ్చారు. పన్నెండు పతకాలకు అర్ధ శతాబ్దం పట్టిన చోట నలభై ఎనిమిది పతకాలు రెండే పారాలింపిక్స్‌లో వచ్చాయి. ఈ మార్పుకు కారణాలు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి. పతకం తేగల క్రీడాకారులను ఆదుకోవడానికి 2014లో మొదలైన టాప్స్ పథకం పారా క్రీడాకారులకూ వర్తించింది. విదేశీ పోటీలకు పంపడం, కోచ్‌ను, ఫిజియోను వెంట ఉంచడం, మంచి కృత్రిమ అవయవాలు, పరికరాలు సమకూర్చడం దీనివల్ల వీలైంది. 2017లో ఝఝారియాకు ఖేల్‌రత్న దక్కడంతో పారా క్రీడాకారుడికి ఆ పురస్కారం అందడం తొలిసారి జరిగింది. 2023 డిసెంబరులో ఢిల్లీలో ఖేలో ఇండియా పారా గేమ్స్ మొదలయ్యాయి. ఇవన్నీ ప్రభుత్వం వేసిన అడుగులే, ఫలితాన్ని ఇచ్చిన అడుగులే. డబ్బు, శిక్షణ, పోటీల అనుభవం అందిన చోట పతకం వచ్చిందనడానికి రియో నుంచి పారిస్ దాకా సాగిన ప్రయాణమే రుజువు.

పారిస్ పతకాలు ఏ క్రీడల్లో వచ్చాయో చూడాలి. అథ్లెటిక్స్‌లో 17, బ్యాడ్మింటన్‌లో 5, షూటింగ్‌లో 4, విలువిద్యలో 2, జూడోలో 1. సుమిత్ అంతిల్ ఎఫ్64 (ఈ తరగతుల సంగతి కింద వస్తుంది) జావెలిన్‌లో ఈటెను 70.59 మీటర్లు విసిరి, టోక్యోలో గెలిచిన స్వర్ణాన్ని నిలబెట్టుకున్నాడు. అవనీ లేఖరా కూడా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో టోక్యో స్వర్ణాన్ని నిలబెట్టుకుంది. అదే పోటీలో మోనా అగర్వాల్‌కు కాంస్యం దక్కింది. ఎఫ్51 క్లబ్ త్రోలో ధరమ్‌బీర్, ప్రణవ్ సూర్మా మొదటి రెండు స్థానాలూ తీసుకున్నారు. చేతివేళ్ల పట్టు కూడా తగ్గినవారు కూర్చుని చెక్క క్లబ్‌ను విసిరే పోటీ అది. ధరమ్‌బీర్‌ను ఆ ఆటలోకి తెచ్చి తీర్చిదిద్దిన అమిత్ కుమార్ సరోహా కూడా అదే ఫైనల్లో పోటీపడ్డాడు. హర్విందర్ సింగ్ విలువిద్యలో దేశానికి తొలి పారాలింపిక్ స్వర్ణం తెచ్చాడు. ప్రవీణ్ కుమార్ టీ64 హైజంప్‌లో 2.08 మీటర్లు దూకి ఆసియా రికార్డు నెలకొల్పాడు. నవదీప్ సింగ్ ఎఫ్41 జావెలిన్‌లో 47.32 మీటర్లు విసిరాడు. తన కన్నా ముందు నిలిచిన ఇరాన్ క్రీడాకారుడిపై అనర్హత వేటు పడటంతో స్వర్ణం అతడికి దక్కింది. బ్యాడ్మింటన్ ఎస్ఎల్3 తరగతి ఫైనల్లో నితేశ్ కుమార్ బ్రిటన్‌కు చెందిన డేనియల్ బెతెల్‌పై మూడో గేమ్‌ను 23-21తో గెలిచాడు. 2009లో విశాఖపట్నంలో జరిగిన రైలు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నితేశ్, ఆ తరువాత ఐఐటీ మండీలో ఇంజనీరింగ్ చదువుతూ బ్యాడ్మింటన్‌కు దగ్గరయ్యాడు.

మహిళల వాటా ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 10 పతకాలను మహిళలు సొంతంగా గెలిచారు. పదకొండోది, కాంపౌండ్ విలువిద్య మిక్స్‌డ్ విభాగంలో రాకేశ్ కుమార్‌తో కలిసి శీతల్ దేవి గెలిచిన కాంస్యం. జమ్మూ కశ్మీర్‌లోని కిష్త్వార్‌కు చెందిన శీతల్‌కు పుట్టుకతోనే చేతులు లేవు. కాలితో విల్లు పట్టి బాణం వేస్తుంది. అప్పటికి ఆమె వయసు 17. ప్రీతీ పాల్ టీ35 విభాగంలో 100, 200 మీటర్లు రెండింటిలోనూ కాంస్యాలు గెలిచి, పరుగు పందేల్లో దేశం ఖాతా తెరిచింది. చూపు సరిగా లేని సిమ్రన్ శర్మ గైడ్ అభయ్ సింగ్‌తో కలిసి పరుగెత్తి 200 మీటర్ల టీ12 కాంస్యం అందుకుంది. పురుషుల్లో కపిల్ పర్మార్ అంధుల జూడోలో దేశానికి తొలి పతకం తెచ్చాడు.

ఈ ఫలితాలను అర్థం చేసుకోవాలంటే పారా క్రీడల వర్గీకరణ తెలియాలి. ఒకే రకమైన వైకల్యం, ఒకే స్థాయి పరిమితి ఉన్నవారి మధ్య పోటీ జరగడానికి ఏర్పరచిన పద్ధతి ఇది. అథ్లెటిక్స్‌లో ‘టీ’ అంటే పరుగులు, దూకుళ్లు. ‘ఎఫ్’ అంటే విసిరే ఆటలు. పక్కనుండే అంకెల్లో 11 నుంచి 13 వరకు చూపు లోపం, 20 మేధో వైకల్యం, 31 నుంచి 38 వరకు సెరిబ్రల్ పాల్సీ వంటి కారణాలతో కండరాల సమన్వయం దెబ్బతినడం, 40, 41 పొట్టితనం, 42 నుంచి 47 వరకు కాళ్లు చేతుల లోపం, 50లలో కూర్చుని లేదా చక్రాల కుర్చీలో ఆడేవారు, 61 నుంచి 64 వరకు కృత్రిమ కాళ్లతో పోటీపడేవారు. ఒక్కో గుంపులో చిన్న అంకె ఎక్కువ పరిమితికి గుర్తు. అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ గుర్తించిన అర్హమైన వైకల్యాలు 10. వినికిడి లోపం వాటిలో లేదు. బధిరులకు డెఫ్లింపిక్స్ అనే వేరే క్రీడలున్నాయి.

వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపులో వైద్యుడు ఇచ్చే శాతానికీ ఈ తరగతులకూ నేరుగా సంబంధం లేదు. పింఛనుకు, రిజర్వేషన్‌కు 40 శాతం అన్నది గీటురాయి. క్రీడా వర్గీకరణలో చూసేది ఆ వైకల్యం ఒక నిర్దిష్టమైన ఆటలోని కదలికను ఎంతవరకు అడ్డుకుంటోంది అన్నది. అందుకే ఒకే మనిషి ఈతలో ఒక తరగతిలో, షాట్‌పుట్‌లో మరో తరగతిలో ఉండవచ్చు. ఒక ఆటకు అర్హుడై ఇంకో ఆటకు కాకపోవచ్చు. ఈ తేడా చాలా జిల్లాల్లో క్రీడాధికారులకు, వైద్యులకు, తల్లిదండ్రులకు తెలియదు. తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. టోక్యోలో డిస్కస్ త్రోయర్ వినోద్ కుమార్ ఎఫ్52 విభాగంలో మూడో స్థానంలో నిలిచాడు. ఇతర దేశాల అభ్యంతరంతో జరిగిన పరిశీలనలో వర్గీకరణ బృందం అతడికి తరగతి కేటాయించలేకపోయింది. ఫలితం రద్దయింది, కాంస్యం పోయింది. ఏళ్ల తరబడి చేసిన సాధన ఒక్క నిర్ణయంతో చెల్లకుండా పోయిన సందర్భమది. వర్గీకరణ పరిశీలన దేశంలోనే, తొలి దశలోనే పక్కాగా జరిగితే ఇలాంటివి తగ్గుతాయి.

మేధో వైకల్యం విభాగానికి మరో చరిత్ర ఉంది. 2000 సిడ్నీ క్రీడల్లో బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులో అత్యధికులకు అసలు మేధో వైకల్యమే లేదని తరువాత బయటపడింది. దాంతో ఆ విభాగం పోటీలన్నీ ఆగిపోయి, 2012 లండన్‌లో గానీ తిరిగి మొదలు కాలేదు. అర్హత పరీక్షలు ఇప్పుడు అంత కఠినంగా ఉండటానికి ఆ మోసమే కారణం. ఈ కఠినమైన పరీక్షలన్నీ దాటి వచ్చిన క్రీడాకారిణి వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె పరుగును గమనించారు. ఆ తరువాత కోచ్ నాగపురి రమేశ్ చేయి అందించారు. మేధో వైకల్యాన్ని నిర్ధారించే పరీక్షలు పూర్తయ్యాక పారా క్రీడల్లోకి వచ్చిన దీప్తి 2023 హాంగ్జౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్ల టీ20 స్వర్ణం గెలిచింది. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డుతో ప్రపంచ చాంపియన్ అయింది. పారిస్‌లో 55.82 సెకన్లతో కాంస్యం తెచ్చింది. పారిస్‌లో స్వర్ణం గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి యూలియా షూలియార్ సమయం 55.16 సెకన్లు. దీప్తి కోబెలో పరుగెత్తిన సమయం దానికన్నా మెరుగు. ఈ స్థాయి క్రీడాకారిణి పల్లెటూరి బడిలో ఒక ఉపాధ్యాయుడి చూపు పడకపోతే ఎవరికీ తెలియకుండానే ఉండిపోయేది. అలాంటి చూపు పడని బడులు ఎన్ని ఉన్నాయన్నది క్రీడల శాఖ ఆలోచించవలసిన ప్రశ్న.

పతకాలు రాని చోటును కూడా ఇంతే శ్రద్ధగా చూడాలి. పారిస్‌లో అథ్లెటిక్స్ పతకాంశాలు 164, ఈత పతకాంశాలు 141. మొత్తం 549లో సగానికి పైగా ఈ రెండింటివే. అథ్లెటిక్స్‌లో భారత్ 17 పతకాలు గెలిచింది. ఈతకు వెళ్లింది ఒకే ఒక్కరు, పతకం లేదు. 1972లో పేట్కర్ గెలిచిన తరువాత ఈతలో దేశానికి పారాలింపిక్ పతకమే రాలేదు. తొలి స్వర్ణం ఇచ్చిన ఆటలోనే యాభై ఏళ్లకు పైగా ఖాళీ ఉండటం యాదృచ్ఛికం కాదు. నీళ్లలో శరీర భారం తగ్గుతుంది కనుక కాళ్లలో సత్తువ లేనివారికి, వెన్నెముక దెబ్బతిన్నవారికి ఈత అనువైన వ్యాయామం. కానీ చక్రాల కుర్చీతో కొలను దాకా వెళ్లే దారి, దిగడానికి లిఫ్టు లేదా వాలు మెట్లు, దగ్గరలో వాడుకోగల స్నానాల గది, నేర్పే కోచ్ ఉండాలి. ఇవన్నీ ఒకచోట ఉన్న కొలనులు మన జిల్లా కేంద్రాల్లో అరుదు.

చక్రాల కుర్చీ ఆటలదీ ఇదే పరిస్థితి. పోటీకి వాడే రేసింగ్ కుర్చీ, బాస్కెట్‌బాల్ కుర్చీ మామూలు కుర్చీల కన్నా తేలికగా ఉంటాయి, ఆటగాడి కొలతలకు సరిపోయేలా చేయించాలి, ఖరీదు ఎక్కువ. బాస్కెట్‌బాల్, రగ్బీ వంటి జట్టు ఆటలకు ఒక్క కుర్చీ చాలదు, జట్టు మొత్తానికీ కావాలి. విసిరే ఆటలు, షూటింగ్, బ్యాడ్మింటన్‌లలో పతకాలు వచ్చాయి. ఖరీదైన సదుపాయాలు కోరే ఆటల్లో రాలేదు. దేశంలో ప్రతిభ ఎటు మళ్లుతుందో సామగ్రి, సదుపాయాలే నిర్ణయిస్తున్నాయనడానికి ఇది నిదర్శనం.

ఇతర దేశాల ఫలితాలతో పోల్చినా ఇదే తేలుతుంది. పారిస్‌లో చైనా 94 స్వర్ణాలతో 220 పతకాలు, బ్రిటన్ 49 స్వర్ణాలతో 124, అమెరికా 36 స్వర్ణాలతో 105 గెలిచాయి. ఇవి సంపన్న దేశాలు, పెద్ద వ్యవస్థలు అనుకుంటే, బ్రెజిల్‌ను చూడవచ్చు. ఆదాయంలో, అసమానతల్లో ఎన్నో చిక్కులున్న ఆ దేశం 25 స్వర్ణాలతో 89 పతకాలు గెలిచి అయిదో స్థానంలో నిలిచింది. 2001లో చేసిన చట్టం ద్వారా లాటరీ ఆదాయంలో కొంత వాటాను బ్రెజిల్ తన పారాలింపిక్ కమిటీకి కేటాయించింది. ఏ ఏడాదికా ఏడాది ప్రభుత్వ దయ మీద ఆధారపడని స్థిరమైన రాబడి అది. సావో పాలోలో పలు పారా క్రీడలకు ఒకే చోట శిక్షణ ఇచ్చే కేంద్రాన్ని నిర్మించింది. జనాభాలో బ్రెజిల్ భారత్‌లో దాదాపు ఏడో వంతు. అక్కడ వీలైనది ఇక్కడ వీలు కాకపోవడానికి కారణం లేదు.

దేశంలో పతకాల భౌగోళిక విస్తరణ కూడా అసమానంగానే ఉంది. పారిస్‌లో వచ్చిన 7 స్వర్ణాల్లో 5 హర్యానావారివే: సుమిత్, నితేశ్, హర్విందర్, ధరమ్‌బీర్, నవదీప్. గ్రామాల్లో ఆటలకు ఉన్న గౌరవం, ప్రభుత్వోద్యోగాలు, నగదు ప్రోత్సాహకాలు, అన్నిటికీ మించి ముందుతరం ఆటగాళ్లు తరువాతి తరాన్ని చేరదీయడం అక్కడ కలిసొచ్చాయి. తమిళనాడు నుంచి మరియప్పన్‌తో పాటు బ్యాడ్మింటన్‌లో తులసిమతి మురుగేశన్, మనీషా రామదాస్, నిత్యశ్రీ శివన్ పతకాలు గెలిచారు. తెలంగాణ నుంచి దీప్తి పతకం ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌కు పతకం రాలేదు గానీ, అనకాపల్లి జిల్లాకు చెందిన రొంగలి రవి ఎఫ్40 షాట్‌పుట్‌లో అయిదో స్థానంలో నిలిచాడు. నంద్యాల ప్రాంతానికి చెందిన కొంగనపల్లె నారాయణ, సైన్యంలో ఉండగా మందుపాతర పేలి కాలు కోల్పోయిన వ్యక్తి, అనితతో కలిసి రోయింగ్ మిక్స్‌డ్ డబుల్ స్కల్స్‌లో ఎనిమిదో స్థానం సాధించాడు. పారా రోయింగ్‌లో భారత్ పారాలింపిక్స్‌కు వెళ్లడమే అప్పుడు మొదలు. ఇలాంటి అయిదో, ఎనిమిదో స్థానాలు పతకాలుగా మారడానికి కావలసింది మరో నాలుగేళ్ల నికరమైన మద్దతు.

2011 జనగణన ప్రకారం దేశంలో దివ్యాంగులు 2.68 కోట్ల మంది. అప్పటి లెక్క కొన్ని రకాల వైకల్యాలకే పరిమితం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాల రకాలను 21కి పెంచింది. అదే చట్టంలోని 30వ సెక్షన్ క్రీడల గురించి ప్రత్యేకంగా చెబుతోంది. క్రీడా సదుపాయాలను దివ్యాంగులకు అనువుగా మార్చడం, శిక్షణ సౌకర్యాలకు నిధులు కేటాయించడం, వారికోసం పోటీలు నిర్వహించడం ప్రభుత్వ బాధ్యతలని అందులో ఉంది. అంటే ఇక్కడ అడుగుతున్నది కొత్త వరం కాదు, ఇప్పటికే ఉన్న చట్టం అమలు. రాజ్యాంగం ప్రకారం క్రీడలు రాష్ట్రాల జాబితాలోని అంశం కనుక కేంద్రం ఒక్కటే ఈ పని పూర్తి చేయలేదు. నిధులకు షరతులు పెట్టి, ప్రమాణాలు నిర్ణయించి, రాష్ట్రాలను కదిలించగల శక్తి మాత్రం కేంద్రానికే ఉంది. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం జాతీయ పారాలింపిక్ కమిటీకి చట్టబద్ధమైన స్థానం కల్పించింది. ఈ అవకాశాన్ని వాడుకోవలసిన సమయమిది.

మొదటి పని ప్రతిభాన్వేషణ. దివ్యాంగుల వివరాలు వారికిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డుల రూపంలో ప్రభుత్వం దగ్గర ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. వైకల్య నిర్ధారణ శిబిరానికి వచ్చిన ప్రతి బాలుడికీ, ప్రతి బాలికకూ అదే రోజున ఆటల గురించి చెప్పే మనిషి అక్కడ ఉండాలి. జిల్లాకు ఏటా కనీసం రెండుసార్లు ఎంపిక శిబిరం జరగాలి. వ్యాయామ ఉపాధ్యాయులు చదివే బీపీఎడ్ పాఠ్యప్రణాళికలో పారా క్రీడలు, వర్గీకరణ తప్పనిసరి భాగం కావాలి. అప్పుడు ప్రతి బడిలోని పీఈటీకీ ఎవరిని ఏ ఆటకు పంపాలో తెలుస్తుంది.

రెండోది వర్గీకరణ నిపుణుల తయారీ. ప్రభుత్వాసుపత్రుల ఫిజియోథెరపిస్టులకు, ఎముకల వైద్యులకు, నేత్ర వైద్యులకు, మానసిక నిపుణులకు పారాలింపిక్ కమిటీ ద్వారా శిక్షణ ఇప్పించి, ప్రతి రాష్ట్రంలో ఒక స్థిరమైన బృందాన్ని ఏర్పాటు చేయాలి. మూడోది మైదానాలు. కొత్త స్టేడియాల కన్నా ముందు ఉన్న జిల్లా స్టేడియాలకు ర్యాంపు, వాడుకోగల మరుగుదొడ్డి, విసిరే ఆటలకు నేలలో బిగించే ఫ్రేము, కొలను ఉన్నచోట దిగే ఏర్పాటు చేయాలి. జిల్లాకు ఒక్క కొలనుతో మొదలుపెట్టినా ఈతలో ఇన్నేళ్ల ఖాళీ పూడటం ప్రారంభమవుతుంది.

నాలుగోది సామగ్రి. ఎదిగే పిల్లలకు కృత్రిమ కాలు, రన్నింగ్ బ్లేడు, రేసింగ్ కుర్చీ తరచూ మార్చాల్సి వస్తుంది. కొనలేని కుటుంబాలకు వాటిని అరువిచ్చే నిల్వ కేంద్రాలు ప్రాంతానికొకటి ఉండాలి. అయిదోది వెంట నడిచే మనుషులు. చూపు లేని పరుగుల క్రీడాకారిణికి గైడ్ లేకుంటే సాధనే లేదు. గైడ్‌లకు, సహాయకులకు, కోచ్‌లకు నెలవారీ భృతి, గుర్తింపు ఇవ్వాలి. డోపింగ్ నిబంధనల విషయంలో కూడా తోడు కావాలి. టోక్యో బ్యాడ్మింటన్ చాంపియన్ ప్రమోద్ భగత్ ఎక్కడ ఉన్నదీ తెలియజేసే నిబంధన పాటించలేదని 18 నెలల నిషేధానికి గురై పారిస్‌కు దూరమయ్యాడు. ఆ వివరాల నమోదు సక్రమంగా జరిగేలా చూసే సిబ్బంది ప్రతి అగ్రశ్రేణి క్రీడాకారుడికీ అందుబాటులో ఉండాలి.

చివరిది డబ్బు ఇచ్చే సమయం. పారిస్ విజేతలకు కేంద్రం స్వర్ణానికి 75 లక్షలు, రజతానికి 50 లక్షలు, కాంస్యానికి 30 లక్షల రూపాయలు ఇచ్చింది. తెలంగాణ ప్రభుత్వం దీప్తికి కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో ఇంటి స్థలం ప్రకటించింది. ఆమె కోచ్‌కు 10 లక్షలు ప్రకటించింది. ఈ గౌరవాలు సముచితమైనవి, ఇకముందూ ఇవ్వవలసినవి. అయితే పతకం వచ్చాక అందే డబ్బు పతకాన్ని తయారు చేయదు. పన్నెండేళ్ల అమ్మాయికి బస్సు చార్జీ, గుడ్లు, పాలు, బూట్లు, శిక్షణ శిబిరంలో పడక ఇప్పించే చిన్న మొత్తాలే దాన్ని తయారు చేస్తాయి. గెలుపు తరువాతి బహుమతితో సమానంగా గెలుపుకు ముందరి ఖర్చుకూ బడ్జెట్‌లో ప్రత్యేకమైన పద్దు ఉండాలి. ఏ జిల్లాలో ఎంతమందిని పరీక్షించారు, ఎంతమందికి తరగతి కేటాయించారు, ఎంతమందికి శిక్షణ అందుతోంది అన్న లెక్క ఏటా పార్లమెంటు ముందుకు రావాలి.

2025లో న్యూఢిల్లీలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ చాంపియన్‌షిప్‌లో భారత్ 6 స్వర్ణాలతో 22 పతకాలు గెలిచి పదో స్థానంలో నిలిచింది. జోరు తగ్గలేదు. 2028 ఆగస్టులో లాస్ ఏంజెలెస్ పారాలింపిక్స్ మొదలవుతాయి. అక్కడ బరిలోకి దిగవలసినవారిలో కొందరు ఈ రోజు ఏదో ఒక ఊరి బడిలో, ఆటల పీరియడ్‌లో ఒక పక్కన కూర్చుని ఉన్నారు. వారిని వెతికి, మైదానంలోకి పిలిచి, వారికి తగిన ఆటను చేతికందించే ఏర్పాటును ఈ ఆర్థిక సంవత్సరంలోనే ప్రతి జిల్లాలో మొదలుపెట్టాలని క్రీడల శాఖకు విన్నపం.

ఇట్లు,
ఒక భారత పౌరుడు